తుప్పు తప్పు కాదు, తుడిస్తేనే తప్పు!

మా ఊరి మునిసిపల్ ఆఫీసుకు ఫోల్కె ఓడెల్ ఫోన్ చేసి చెప్పింది ఒకటి, అవతలి అమ్మాయికి వినపడింది ఇంకొకటి. ఆయన చెప్పింది తుప్పు. ఆ అమ్మాయి విన్నది ఓటు. మా స్వీడిష్ భాషలో ఈ రెంటికీ తేడా మూతి ఎంత ముడిచామన్న దాంట్లోనే ఉంది మరి! ఫోల్కె రిటైరైన పళ్ల డాక్టరు. జీవితమంతా ఎదుటివాళ్ల నోళ్లు తెరిపించాడే గానీ, తన నోరు పూర్తిగా తెరిచి మాట్లాడిన పాపాన పోలేదు.

“నా తుప్పు గురించి ఎవరితో మాట్లాడాలి?” అన్నాడు ఫోల్కె.

“నీ ఓటా? అది రహస్యం కదా, నాకు చెప్పకూడదు,” అంది ఆ అమ్మాయి.

“రహస్యమేముందమ్మా, వీధిలో అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎడమవైపు బాగా ముదిరిపోయింది.”

“ఎడమవైపా...”

“కుడివైపు కూడా మొదలైంది. కిందటి చలికాలం దాకా కుడివైపు అసలు లేదు.”

“ఈ మధ్య చాలామందికి అలాగే జరుగుతోందట,” అంది ఆ అమ్మాయి సానుభూతిగా.

“గోకి చూశాను. పైకి నిగనిగలాడుతోంది గానీ లోపలంతా డొల్ల.”

“నాకూ అలాగే అనిపిస్తుంది,” అని ఆ అమ్మాయి నిట్టూర్చి, ఫోన్‌ను ఎన్నికల విభాగానికి కలిపింది.

చూశారా పాఠకులారా, తుప్పుకు ఎంత హోదా వచ్చిందో! ప్రజాస్వామ్యం పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. అయినా ఇంకా కొందరు దాన్ని గరుకు కాగితంతో గీకుతున్నారు, రంగులు పూసి దాస్తున్నారు. ఎంత అన్యాయం! నేను ఘంటాపథంగా చెబుతున్నాను, రాసుకోండి. తుప్పు తప్పు కాదు, ఒప్పు. అది ముప్పు కాదు, మెప్పు. ఇది ప్రాస కోసం అనడం లేదు, ప్రాణం పెట్టి అంటున్నాను. పాత కారుకు తుప్పును మించిన యోగం లేదు!

నమ్మరా? అయితే మా ఊరి కారు చరిత్ర వినండి.

మా ఊరు ఫ్లేటరిడ్. ఇక్కడ అడవి, చెరువులు, బురదనేల, మునిసిపాలిటీ ఉన్నాయి. వీటిలో ఏది ఎక్కువ వేగంగా కదులుతుందంటే చెప్పడం కష్టం. ఒకప్పుడు ఇక్కడ ఒక చిన్న కార్ల ఫ్యాక్టరీ ఉండేది. అందులో తయారైన కారు పేరు ట్రానా. ట్రానా అంటే మా భాషలో కొంగ. పేరుకు తగ్గట్టే పొడుగ్గా, నిటారుగా, కాస్త బిత్తరపోయినట్టు ఉండేది. సీట్లు కుర్చీల్లా ఎత్తు. ముందు తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి. ఆరు వేలకు పైగా చేశారు. ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది.

మరి ఆ ఆరు వేలూ ఏమయ్యాయి?

కొన్నింటిని ఉప్పు తినేసింది. చలికాలంలో మంచు కరగడానికి మా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పుకు ముందు ఒక్క ‘త’ చేర్చి చూడండి, తుప్పు! వ్యాకరణం కూడా రోడ్ల శాఖ వైపే ఉంది, ఇంకెవరితో చెప్పుకుంటాం?

కొన్నింటిని ప్రభుత్వం ఆదరించింది. పాత కారు తెచ్చి నుజ్జు చేయించుకుంటే బహుమానం ఇస్తామంది. జనం క్యూ కట్టారు. ముసలి కొంగలు లోపలికి వెళ్లాయి, ఇనుప ఇటుకలై బయటికొచ్చాయి.

కొన్ని ట్రాక్టర్లయ్యాయి. మా చట్టం ప్రకారం కారు నడపాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి, ట్రాక్టరైతే పదిహేను చాలు. అందుకని పల్లెల్లో కుర్రకారు కారును నడుముకు పైన కోసేసి, వెనక ఒక పెట్టె బిగించి, ఇది ట్రాక్టరే అని ప్రమాణం చేస్తారు. చట్టం కూడా నిజమే అని తలూపుతుంది. కుర్రకారు చేతిలో కారు పడితే మిగిలేది కుర్రే!

కొన్ని చెరువుల్లో ఉన్నాయి. వసంతం మొదట్లో గడ్డకట్టిన చెరువు మీద ‘ఇంకొక్కసారి వెళ్లొస్తాను’ అన్న ప్రతివాడూ ఒక కొంగను నీళ్లలో వదిలి, తాను మాత్రం తడిసిన ప్యాంటుతో నడిచొచ్చాడు. కొన్ని కోళ్లగూళ్లయ్యాయి. ఆ సీట్ల ఎత్తు గుడ్లు పెట్టడానికి సరిగ్గా సరిపోతుందని కోళ్ల అభిప్రాయం.

మిగిలినవాటిని యల్మర్ అనే పాత ఇనుము వ్యాపారి తెచ్చి, ఊరవతల బురదనేలలో పారేశాడు. ఒక్కొక్క భాగమే ఊడదీసి అమ్ముకుంటూ అక్కడే ఒక గుడిసెలో బతికాడు. మునిసిపాలిటీ ఆయన వెంట పడింది. ఈ చెత్త తీసెయ్, నేల పాడవుతోంది, ఊరి పరువు పోతోంది అని బతికున్నన్నాళ్లూ వేధించింది. ఆయన ‘రేపు’ అనేవాడు. చివరికి ఒకరోజు ఆ రేపు రాకుండానే పోయాడు.

పోయాక ఏమైంది? ఫొటోలు తీసేవాళ్లు వచ్చారు. ఇంజన్ మూతల మీద పచ్చని నాచు, అద్దంలోంచి పైకి లేచిన చెట్టు, దీపాల గుంటల్లో పుట్టగొడుగులు! ఆహా, ఎంత అందం, ఎంత వైరాగ్యం అన్నారు. డెన్మార్క్ నుంచి, జర్మనీ నుంచి బస్సులు దిగాయి. మునిసిపాలిటీకి రాత్రికి రాత్రే కళ్లు తెరుచుకున్నాయి. నిన్నటి చెత్త ఇవాళ వారసత్వం! చుట్టూ తాడు కట్టారు. ఒక్కో కారుకూ నంబరు బిళ్ల వేలాడదీశారు. నిలువెత్తు చెక్క బోర్డు పాతారు. దాని మీద ఏమని రాశారు? ‘ఇక్కడ తుప్పును తాకరాదు.’

కరపత్రాలు కూడా అచ్చు వేశారు. అందులో కొట్టొచ్చినట్టు ఒక వాక్యం: ‘ప్రపంచంలో మిగిలిన ట్రానాలు ఇరవై ఏడు. అన్నీ మా దగ్గరే.’

ఇక్కడే మా ఫోల్కె ముక్కు ఎర్రబడింది. ఎందుకంటే ఆయన ఇంటి ముందు ఇరవై ఎనిమిదోది ఉంది. ఆవపిండి రంగుది. పైగా అది నడుస్తుంది కూడా!

“ఇరవై ఏడేమిటి? నాది లెక్కలోకి రాదా?” అని వారసత్వ శాఖ అధికారి టూవను అడిగాడు.

“నీది తాడు లోపల లేదు కదా, ఫోల్కె,” అంది టూవ.

ఆ పిల్ల మంచిది. నిజంగానే మంచిది. మా ఆఫీసుల్లో అందరూ మంచివాళ్లే, అదే అసలు చిక్కు. మా దేశంలో చిన్నా పెద్దా అందరూ అందర్నీ పేరు పెట్టి నువ్వు అనే పిలుస్తారు. అందువల్ల ‘కుదరదు’ అన్నా సొంత మేనకోడలు అన్నట్టే ఉంటుంది. కోపం తెచ్చుకోవడానికి కూడా కుదరదు!

ఇంకో సంగతి. బాగా పాతబడ్డ కార్లకు మా దగ్గర ఏటేటా తనిఖీ అక్కర్లేదు. అది కారు మీద గౌరవం అనుకునేరు. ఎలాగూ కదలదులే అన్న నమ్మకం! అందుకని ఫోల్కె తన కారును తానే తనిఖీ చేసుకుంటాడు. వసంతం రాగానే కారు కిందికి దూరి, ఒకప్పుడు పళ్లలో పుచ్చు వెతికిన సన్నని కొక్కెంతో ఇనుమంతా తట్టి చూస్తాడు. అక్కడ పుచ్చు, ఇక్కడ తుప్పు. రోగి మధ్యలో నోరు మూసేస్తాడన్న బెంగ ఒక్కటే తగ్గింది.

ఈ వసంతంలో, ముందు ఎడమ చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనుప చెయ్యి దగ్గర కొక్కెం అటు గుచ్చితే ఇటు వచ్చింది.

“దీన్ని ఇంక కాపాడలేం,” అన్నాడు ఫోల్కె అలవాటు కొద్దీ.

పైన కారులో కూర్చుని ఉన్న మైబ్రిట్ తొంగి చూసింది. మైబ్రిట్ ఆయన భార్య. “ఎవరితో మాట్లాడుతున్నావు?”

“చేతితో.”

“ఏమంటోంది?”

“చెయ్యిచ్చింది.”

మైబ్రిట్ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో చెప్పాలి. ఆవిడకు తుంటి పాడై చాలా కాలమైంది. కొత్త కార్లన్నీ నేలకు ఆనుకుని ఉంటాయి. వాటిల్లో కూర్చోవడం అంటే పడటం, దిగడం అంటే ఇద్దరు కలిసి బావిలోంచి తోడినట్టు తోడటం. ట్రానాలో మాత్రం తలుపు వెనక్కి తెరుచుకుంటుంది, సీటు సరిగ్గా ఆవిడ తుంటి ఎత్తులో ఉంటుంది. అలా వీపు తిప్పి కూర్చుని, కాళ్లు లోపలికి లాక్కుంటే చాలు. ప్రతి గురువారం పక్క ఊరి చర్చిలో పాటల బృందానికి ఆవిడ అందులోనే వెళ్తుంది. తక్కిన వారమంతా ఆ గురువారం కోసమే బతుకుతుంది.

“మిగతా కార్లలో నన్ను ఎక్కిస్తారు, ఫోల్కె,” అంది. “దీంట్లో నేను ఎక్కుతాను.”

అదండీ సంగతి! ఆ ఒక్క చేతి మీద ఆ ఇంట్లో వేలాడుతున్నది చక్రం ఒక్కటే కాదు.

అలాంటి చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? ఫ్యాక్టరీ లేదు. ఆరు వేల కార్లూ పైన చెప్పిన విధంగా పరమపదించాయి. దొరికేది ఒక్క బురదనేలలోనే. ఆ నల్లబురద గొప్పతనం ఏమిటంటే, పైన గాలి తగిలే భాగం తుప్పు పట్టి రాలిపోతుంది గానీ, లోపల మునిగినది మునిగినట్టే ఉంటుంది. పద్నాలుగో నంబరు కారు ముందు భాగం బురదలో కూరుకుని ఉంది. దాని ఎడమ చెయ్యి లోపల తాజాగా ఉండి ఉంటుందని ఫోల్కె లెక్క.

అందుకే ఆ ఫోను, ఆ తుప్పు, ఆ ఓటు. ఎన్నికల విభాగంలో కాసేపు తిరిగి, చివరికి ఆ ఫోను టూవ గదికి చేరింది.

“ఒక్క చెయ్యి ఇస్తే చాలు, టూవా. మిగతా ఒళ్లంతా నువ్వే ఉంచుకో.”

“నాకు అర్థమవుతోంది, ఫోల్కె.”

మా ఆఫీసుల్లో ‘అర్థమవుతోంది’ అన్నారంటే పని అవదని అర్థం.

“అది ఎవరికీ కనిపించను కూడా కనిపించదు. బురదలో ఉంది.”

“బురద కూడా రక్షితమే.”

“పైన నాచు?”

“ముందు రక్షించింది నాచునే. నాచు పెరగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, అందుకని కారు.”

“మరి ఆ కారు తుప్పు పట్టి కూలిపోతే?”

“అది ప్రకృతి పని. దాన్ని సాగనివ్వాలి. మనిషి చెయ్యి పడకూడదు.”

“నేనడిగేది మనిషి చెయ్యి కాదు తల్లీ, కారు చెయ్యి!”

టూవ నవ్వింది. కడుపారా నవ్వింది. నవ్వి, కుదరదంది.

ఎంత ఉదాత్తమైన విధానం, పాఠకులారా! రక్షించడం అంటే కుళ్లనివ్వడం! ఇంత ఖర్చు తక్కువ రక్షణ ఎక్కడైనా ఉందా? దీన్ని మిగతా శాఖలు కూడా ఎందుకు అమలు చేయకూడదు? బడి పైకప్పు కారుతోందా? బాగుచేయకండి, చుట్టూ తాడు కట్టండి! ఆసుపత్రి ముందు రోగులు వేచి వేచి నాచు పడుతున్నారా? నంబరు బిళ్ల వేలాడదీయండి! ఫోల్కె తన ఆస్పత్రిలో ఈ పద్ధతే పాటించి ఉంటే ఊళ్లో ఒక్కరికీ పళ్లు ఉండేవి కావు, కానీ పుచ్చు ఎంత సహజంగా వికసించేది!

మైబ్రిట్‌కు ఈ ఉదాత్తత తలకెక్కలేదు.

“ఆ అమ్మాయి కారు గురించి మాటల్లోనే విని కాదంది,” అంది. “ఆదివారం అక్కడ జనాన్ని వెంటేసుకుని తిప్పుతుందిగా. కారునే తీసుకెళ్లి చూపిద్దాం.”

“చెయ్యి విరిగితే?”

“నడిచినంత మెల్లగా పోనీ. నీకంటే మెల్లగా నడిచేవాళ్లు ఊళ్లో ఎవరున్నారు?”

ఫోల్కె ఆ పుచ్చిపోయిన చేతికి ఇనుప పట్టీ చుట్టి బిగించాడు. పళ్ల డాక్టర్ల భాషలో టెంపరరీ ఫిల్లింగ్. ఇద్దరూ అడవి దారిన బయల్దేరారు. వెనక నుంచి సైకిళ్లు దాటుకుంటూ పోయాయి.

తీరా వెళ్తే పార్కింగ్ కిటకిటలాడుతోంది. ఎదురుగా టూరిస్టు బస్సు. దానికి దారి ఇద్దామని ఫోల్కె ఓ పక్కకు తిప్పాడు. అంతే! ‘టక్’ మంది. ఎడమ చక్రం అలిగి బయటికి తిరిగింది. కారు మెత్తగా జారి, తాడు కట్టిన గుంజను పడగొట్టి, నాచులో మూతి పెట్టి ఆగింది. కొంగ ఒంటికాలి మీద నిలబడింది!

ఇక్కడ జాగ్రత్తగా వినండి. వేరే దేశంవాడైతే ఏం చేసేవాడు? తిట్టేవాడు, ఎవర్నో పిలిచేవాడు. మా ఫోల్కె దిగి మొదట చూసింది తన కారును కాదు, పడిపోయిన గుంజను. మునిసిపాలిటీ గుంజ పడి ఉంటే దాన్ని దాటి వెళ్లడం మావాళ్ల వల్ల కాదు. తీసి నిలబెట్టాడు. కానీ అది ఉండాల్సిన చోట ఇప్పుడు కారు ఉంది. అందుకని కారుకు ఇవతల, రోడ్డు వైపు, గట్టి నేలలో శుభ్రంగా పాతాడు. తాడు బిగించి ముడి వేశాడు. చేతులు దులుపుకున్నాడు.

తన కారును తానే తాడు లోపల బంధించుకున్నానని ఆయనకు తట్టనే లేదు!

“నేను టూవను పిలుచుకొస్తాను,” అని బయల్దేరాడు. మైబ్రిట్ దుప్పటి కప్పుకుని, ఒళ్లో కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఎండ వెచ్చగా ఉంది. కునుకు పట్టింది.

ఫోల్కె ఒక దారిన వెళ్తే, టూవ ఇంకో దారిన జనంతో వచ్చింది.

తాడు లోపల ఒరిగిన ట్రానాను చూసి టూవ ఒక్క క్షణం తడబడింది. ఇక్కడ ఇంకొకటి ఉందా? కానీ తాడు ఉంది. తాడు లోపల ఉంది. తాడు అబద్ధం చెప్పదు! పైగా ఎదురుగా ఇంతమంది చూస్తున్నారు.

“ఇది... ఇది కూడా ట్రానానే,” అంది. “ముందు చక్రం ఎలా ఊడిపోతోందో గమనించండి. దశాబ్దాల పాటు ప్రకృతి ఓపికగా చేసిన పని ఇది.”

ఆ పని అయి పావుగంట కూడా కాలేదు.

“లోపల ఎవరో ఉన్నారే!” అన్నాడు ప్రేబెన్. డెన్మార్క్ నుంచి వచ్చిన మనిషి, గొంతు పెద్దది, బొజ్జ ఇంకా పెద్దది.

“అది... బొమ్మ అయి ఉంటుంది,” అంది టూవ. “మన కళాకారులు అప్పుడప్పుడు ఇలాంటివి పెడుతుంటారు.”

“భలే చేశారు! ముడతలు చూడండి, ఎంత సహజంగా ఉన్నాయో. ఎంత పాతది ఉంటుంది?”

“కారు వయసే ఉండొచ్చు.”

“నాచు మాత్రం ఇంకా పట్టలేదు,” అని ప్రేబెన్ కిటికీలోంచి తల పెట్టాడు.

బొమ్మ కళ్లు తెరిచింది.

“నాచు సంగతి తర్వాత,” అంది మైబ్రిట్. “కాఫీ తాగుతావా?”

ప్రేబెన్ పెట్టిన కేకకు పద్నాలుగో నంబరు కారు మీది పక్షులన్నీ లేచిపోయాయి. అదే సమయానికి ఫోల్కె రొప్పుకుంటూ వచ్చాడు. జరిగింది తెలిశాక టూవ ముఖం తెల్లబడింది. తర్వాత ఎర్రబడింది. తర్వాత ఆఫీసు రంగుకు వచ్చింది.

“ఫోల్కె, నాకు చాలా బాధగా ఉంది. కానీ తాడు లోపలికి వచ్చినదాన్ని బయటికి తీయడానికి వీల్లేదు. కౌన్సిల్ తీర్మానం. నాచు నలిగిపోతుంది.”

“నా కారు, టూవా!”

“తాడు మేము కట్టలేదు కదా. నువ్వే కట్టావు.”

“స్వీడన్ అంటే ఇదే!” అని తొడ చరిచాడు ప్రేబెన్. “మా దేశంలో దొంగ వచ్చి కారు ఎత్తుకుపోతాడు. ఇక్కడ యజమానే గౌరవంగా సమర్పించుకుంటాడు!”

మైబ్రిట్ కిటికీలోంచి చెయ్యెత్తింది, బళ్లో పిల్లలా.

“నేనూ తాడు లోపలే ఉన్నాను. నన్నూ ఇక్కడే ఉంచేస్తావా?”

“అయ్యో, అదేమిటి మైబ్రిట్! నువ్వు బతికున్నావు కదా.”

“ఇదీ బతికే ఉంది,” అంది మైబ్రిట్, చెయ్యి చాచి తాళం తిప్పింది.

ట్రానా దగ్గింది. రెండుసార్లు తుమ్మింది. ఆ తర్వాత, కుక్కర్లో పప్పు ఉడుకుతున్నట్టు నిదానంగా, కుతకుతమంటూ మొదలుపెట్టింది.

ఇరవై ఏడు ట్రానాలకు కాపలా కాస్తున్న టూవ, ఒక్క ట్రానా గొంతును కూడా ఏనాడూ వినలేదు. నెమ్మదిగా వచ్చి ఇంజన్ మూత మీద అరచెయ్యి పెట్టింది. కాసేపు తీయలేదు.

“వెచ్చగా ఉంది,” అంది, తనలో తాను అనుకున్నట్టు.

తాకరాదని బోర్డు పెట్టిన మనిషే అది!

టూవ చెయ్యి తీసి గడియారం చూసింది. మధ్యాహ్నం కాఫీ వేళ. ఆ వేళకు మా దేశంలో చట్టం కూడా కప్పు పట్టుకుని కూర్చుంటుంది. ఫ్లాస్కు తెరిచారు. మైబ్రిట్ దాల్చినచెక్క బన్నులు తీసింది. జనం తాడుకు అటూ ఇటూ కూర్చున్నారు.

“కిందటి ఏడు,” అంది టూవ బన్ను తుంచుతూ, “ఒక దుప్పి వచ్చి తొమ్మిదో నంబరు కారు తలుపు ఊడగొట్టి, పన్నెండో నంబరు పక్కన పడేసింది. దాన్ని ప్రకృతి పనిగానే లెక్కించాం.”

మా అడవి దుప్పి అంటే గుర్రమంత ఉంటుంది, తెలివి మాత్రం కౌన్సిల్ స్థాయిలో ఉంటుంది.

“దుప్పి చేస్తే ప్రకృతి, డెంటిస్టు చేస్తే నేరమా?” అన్నాడు ప్రేబెన్.

టూవ తన మడత కుర్చీని మెల్లగా అటు తిప్పుకుంది. “నేను ఇంకో కప్పు తాగుతాను,” అంది చెట్ల వైపు చూస్తూ. “వెనకాల ఏ దుప్పి తిరిగినా నాకు కనిపించదు.”

ఫోల్కె ముందు మైబ్రిట్ వైపు చూశాడు. “దిగుతావా? ఇటు ఎత్తయిపోయింది. ఇద్దరం పట్టుకుంటాం.”

“కారును ఎత్తండి,” అంది మైబ్రిట్. “నన్ను ఎవరూ ఎత్తక్కర్లేదు.”

జాకీ పెడితే బురదలోకి దిగబడిపోయింది. కింద పెట్టడానికి గట్టి చెక్క కావాలి. చుట్టూ చూశారు. నిలువెత్తు చెక్క బోర్డు! దుప్పి దాన్ని పెకలించి తెచ్చింది. ‘ఇక్కడ తుప్పును తాకరాదు’ అన్న అక్షరాల మీద జాకీ భేషుగ్గా నిలబడింది. పక్కన రెండు దుంగలు దన్నుగా పెట్టారు. కారు పైకి లేచింది, మహారాణిలా మైబ్రిట్ కూడా.

పద్నాలుగో నంబరు దగ్గర ఫోల్కె మోచేతుల దాకా బురదలో దిగాడు. వేళ్లతో తడిమాడు. ఆయన కళ్లు మెరిశాయి.

“ఉంది! గట్టిగా ఉంది! స్పానర్.”

ప్రేబెన్ నర్సులా స్పానర్ అందించాడు.

“కొంచెం నొప్పిగా ఉంటుంది,” అన్నాడు ఫోల్కె చచ్చిన కారుతో. “ఓర్చుకో.”

ఒక్క లాగు లాగాడు. బురద ‘ప్లాప్’ మని వదిలింది. చెయ్యి బయటికొచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, ఫ్యాక్టరీ రంగు కూడా పోకుండా! బతికున్న కారు చెయ్యిచ్చిన చోట, చచ్చిన కారు అక్షరాలా చెయ్యిచ్చింది. ఫోల్కె మాత్రం బాకీ ఉంచుకోలేదు. తన పుచ్చిన చేతిని తీసుకెళ్లి పద్నాలుగో నంబరుకు బిగించాడు. తుప్పు తగ్గిందని మునిసిపాలిటీ బాధపడకూడదు కదా!

చక్రం నిలబడింది. ఫోల్కె కారును వెనక్కి తీసి రోడ్డెక్కించాడు. జనం చప్పట్లు కొట్టారు. కాస్త దూరం వెళ్లి కారు ఆగింది. ఫోల్కె దిగాడు. పరుగున వెనక్కొచ్చాడు. గుంజను పీకి, మొదట ఉన్న చోటే మళ్లీ పాతి, తాడు సరిచేసి, అప్పుడు వెళ్లాడు.

టూవ కుర్చీ ఇటు తిప్పింది. వేళ్లతో లెక్కపెట్టుకుంది. “ఇరవై ఏడు. సరిపోయింది,” అంది.

గురువారం మైబ్రిట్ తలుపు వెనక్కి తెరిచి, వీపు తిప్పి కూర్చుని, కాళ్లు లోపలికి లాక్కుంది. ఎవరూ ఎక్కించలేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను తుప్పును ఇంతగా పొగిడేవాణ్ణి కాదు. టూవ మావాళ్ల పిల్ల, అబద్ధం కడుపులో దాచుకోలేదు. జరిగిందంతా కౌన్సిల్‌కు తానే చెప్పేసింది. కౌన్సిల్ పెద్దలు గంభీరంగా వెళ్లి స్థలం చూశారు. శిక్ష వేస్తారని అనుకున్నాం. ఆ ఇరవై ఎనిమిదో కారును కూడా గౌరవించి, దానికేదైనా సాయం చేస్తారేమోనని ఫోల్కె అయితే కాలరు ఇస్త్రీ చేసుకుని మరీ ఎదురుచూశాడు. మళ్లీ వసంతం వస్తుంది, కుడి చెయ్యి కూడా తట్టి చూడాలి కదా!

పెద్దలు బాగా ఆలోచించారు. రోడ్డు మీద తిరిగే కారు గురించి చర్చకు సమయం చాలలేదు. నాచులో అది వదిలివెళ్లిన చక్రాల జాడల్ని చూసి మాత్రం అందరి మనసూ కరిగిపోయింది. ఏకగ్రీవంగా తీర్మానించారు. జాడల చుట్టూ కొత్త తాడు కట్టారు. పాత బోర్డు జాకీ కింద పగిలింది కాబట్టి కొత్త బోర్డు పాతారు. మీరు ఎప్పుడైనా ఇటువైపు వస్తే చదువుకోవచ్చు. అక్షరాలు పెద్దవే, అద్దాలు అక్కర్లేదు:

‘సందర్శకులకు వివరణ. ఆ ఆదివారం ఇక్కడ మీరు చూసిన ఆవపిండి రంగు ట్రానా ప్రదర్శన కోసం పెట్టినది కాదు. పార్కింగ్ దొరకక వచ్చింది. చుట్టూ తాడు కట్టింది మునిసిపాలిటీ కాదు, కారు యజమాని. లోపల ఉన్నది బొమ్మ కాదు, మైబ్రిట్ ఓడెల్. పద్నాలుగో నంబరు కారు చెయ్యి మార్చింది దుప్పి కాదు. ఇద్దరూ, కారుతో సహా, తమంతట తామే వెళ్లిపోయారు. వారు వదిలి వెళ్లిన చక్రాల జాడలు ఇకపై రక్షిత వారసత్వం. దయచేసి తొక్కకండి. ప్రపంచంలో మిగిలిన ట్రానాలు: ఇరవై ఏడు.’